పురద్వారమునొద్ద తీర్మానము

వాక్యభాగములు: రూతు 4:1–12, మొదటి రాజులు 21:1–16



భూమి విషయమై ఊరి పెద్దలు కూడి చేసిన తీర్మానములు రెండు పరిశుద్ధ గ్రంథములో మనకు కనబడుచున్నవి. ఈ మాసము ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుడని మిమ్మును వేడుకొనుచున్నాను.

మొదటిది బేత్లెహేములో జరిగెను. ఎలీమెలెకు పొలమును విడిపింపవలసి వచ్చినప్పుడు బోయజు పురద్వారమునొద్దకు వెళ్లి కూర్చుండెను. అది పొలమునకు పోవువారును పనికి వచ్చువారును దాటిపోవు చోటు. తనకంటె ముందుగా హక్కు గల బంధువు ఆ దారిని రాగా అతనిని పిలిచెను, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టెను, పొలముతో కూడ రూతు సంగతియు దాచక చెప్పెను. రూతును వివాహమాడవలెనని అతని మనస్సులో నుండెను గదా! అయినను ఆ బంధువు నా వలన కాదనువరకు ఓర్చుకొనెను. చుట్టు నిలిచిన జనులందరు సాక్షులైరి.

రెండవది యెజ్రెయేలులో జరిగెను. అహాబునకు తన నగరు ప్రక్కను కూరతోట కావలసి వచ్చెను. అక్కడ నాబోతు ద్రాక్షతోట యుండెను. అది పితరుల స్వాస్థ్యము గనుక ఇయ్యనని నాబోతు చెప్పెను. తరువాత జరిగినదానిని శ్రద్ధగా గమనించుడి. యెజెబెలు కత్తి దూయలేదు. జాబులు వ్రాసి, రాజు ముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపెను. ఉపవాసము చాటింపబడెను. సభ కూడెను. ధర్మశాస్త్రము కోరిన ప్రకారము సాక్షులు ఇద్దరు వచ్చిరి. కాగితము మీద చూచిన యెడల లోపమొకటియు కనబడదు. తీర్పు మాత్రము సభ కూడక మునుపే వ్రాయబడి యుండెను.

ఇది పాతకాలపు కథయే గదా అని తలంచువారి కొరకు మన కాలపు సంగతి యొకటి చెప్పెదను.

ఇంగ్లాండు దేశములో ఎవరు ఎక్కడ ఇల్లు కట్టవచ్చునో, ఏ చెట్టు నిలువవలెనో నిర్ణయించు అధికారము స్థానిక కౌన్సిలుకు కలదు. ఒకడు కట్టడమునకు దరఖాస్తు పెట్టిన యెడల ఇరుగుపొరుగువారికి తెలియజేయుదురు; వారు తమ అభ్యంతరములు వ్రాసి పంపవచ్చును. కౌన్సిలు రక్షణ ఉత్తరువు పొందిన చెట్టును వ్రాతమూలకమైన అనుమతి లేక కొట్టరాదు. కాపాడదగినవని నిర్ణయించిన పాతపేటలలోనైతే, ఉత్తరువు లేని చెట్టును కొట్టుటకైనను ఆరు వారముల ముందు కౌన్సిలుకు తెలియజేయవలెను. మంచి ఏర్పాటు! పురద్వారము వంటిదే.

అయితే షెఫీల్డ్ నగరములో వీధుల వెంబడి నున్న చెట్లు కౌన్సిలువే. కాపాడవలసినవారును కొట్టించువారును ఒక్కరే యైరి. 2012లో కౌన్సిలు రోడ్ల మరమ్మతును 25 సంవత్సరములకు ఒక కంపెనీకి ఒప్పగించెను. ఆ ఒప్పందములో 17,500 చెట్లను తీసి క్రొత్తవి నాటుట అను మాట యుండెను. అవి ఆ నగరపు వీధి చెట్లలో ఇంచుమించు సగము. జనులు మొరపెట్టగా, ఒక్కొక్క వీధిని పరిశీలించి సలహా చెప్పుటకు స్వతంత్ర సంఘమొకటి నియమింపబడెను. ఆ సంఘము నిలుపుడని చెప్పిన చెట్లలో ఎక్కువ భాగము విషయమై కౌన్సిలు ఆ సలహాను త్రోసివేసెను. 2016 నవంబరు 17న, ఇంకను చీకటి యుండగా, ఒక వీధివారిని నిద్ర లేపి చెట్లు నరికిరి. అడ్డువచ్చిన డెబ్బది యేండ్లు దాటిన స్త్రీలిద్దరిని పోలీసులు పట్టుకొనిపోయిరి. మొదటి ప్రపంచయుద్ధమునకు వెళ్లిన ఒక పాఠశాల పిల్లల జ్ఞాపకార్థము 1919లో నాటిన చెట్లలో కొన్నిటిని సహితము కొట్టవలెనని 2017లో నిర్ణయించిరి.

2018 మార్చిలో ఆ పని ఆగెను. అప్పటికి ఇంచుమించు 5,600 చెట్లు పోయెను. 2023లో విచారణ నివేదిక వెలువడెను. ప్రజలను, ఉన్నత న్యాయస్థానమును సహితము కౌన్సిలు తప్పుదారి పట్టించెనని అది బయలుపరచెను. కౌన్సిలు బహిరంగముగా క్షమాపణ వేడుకొనెను. అహాబును గోనెపట్ట కట్టుకొని తన్ను తగ్గించుకొనినప్పుడు దేవుడు దానిని తృణీకరింపలేదు. ఇంతటివానిమీదికి రావలసిన కీడును వెనుకకు జరిపెను. అయినను నాబోతు మరల లేవలేదు.

కొట్టిన ప్రతి చెట్టును అన్యాయముగా కొట్టిరని నేననను. పుచ్చిన చెట్టు బడిపిల్లల మీద పడక మునుపు తీయవలసినదే. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో ముట్టడి వేళ కూడ ఫలవృక్షములను నరుకవద్దని దేవుడు ఆజ్ఞాపించి, తక్కినవాటిని అవసరమునకు కొట్టుకొననిచ్చెను. చెట్టు మనకు దేవుడు కాదు; రావిచెట్టునకు దారము చుట్టువారము కాము. దానివలన కొందరు క్రైస్తవులు చెట్టుతో మనకేమి పని యందురు. బెయేర్షెబాలో అబ్రాహాము చెట్టు నాటి అక్కడ యెహోవా నామమున ప్రార్థన చేసెను. దెబోరా ఖర్జూరపు చెట్టు క్రింద కూర్చుండి న్యాయము తీర్చెను. మన తాతలు రచ్చబండ మీద, మర్రి నీడను తగవులు తీర్చుకొనిరి.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదను, చెప్పుటకు కష్టముగానే యున్నది. గుడి ఆవరణములో చింతచెట్టు అడ్డముగా నున్నదనియో, అంగళ్లు కట్టి బాడుగకిచ్చిన ఆదాయము వచ్చుననియో ఒకరిద్దరు అనుకొందురు. తీర్మాన పుస్తకము ఇంటింటికి త్రిప్పి సంతకములు తీసికొందురు. కొన్ని చోట్ల పైన ఖాళీ విడిచి క్రింద సంతకము పెట్టించుటయు కలదు. కూటము జరిగినట్లు వ్రాయుదురు. మనము పెద్దలము గనుక, పాస్టరుగారు చెప్పిరి గనుక, సంతకము పెట్టుదుము. యెజెబెలు జాబు అందిన పెద్దలును అట్లే చేసిరి. వారిలో ఒక్కడైనను “నాబోతు చేసిన తప్పేమి?” అని అడిగినట్లు వ్రాయబడలేదు. 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము మన రాష్ట్రములలో చెట్లు కొట్టుటకు అధికారి అనుమతి పొందవలెనని కూడ చాలమందికి తెలియదు, తెలిసినవారు చెప్పరు.

మీ సంఘములో ఇట్టి ఆలోచన యేదైన నుండిన యెడల, ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ చెట్టు క్రిందనే కూటము పెట్టుకొనుడి. తీర్మాన పుస్తకమును అక్కడికే తెప్పించుడి. పుట క్రొత్తగా, ఖాళీగా ఉండవలెను. ఆ నీడలో కూర్చుండి చింతపండు గింజలు తీయు వృద్ధ స్త్రీలను మొదట మాటలాడనియ్యుడి. కట్టడము కోరువారు తరువాత చెప్పవచ్చును.