దొరికిపోవడమా తప్పు?

శనివారం రాత్రి చెకింగ్‌లో మిషన్‌లోకి ఊదమన్నారు. అంకె 30 దాటింది. బండి పోలీసుల దగ్గరే ఉండిపోయింది, మీరు ఆటోలో ఇంటికొచ్చారు. తెల్లారి లేవగానే వచ్చే మొదటి ఆలోచన: "ఛ, దొరికిపోయాను." రెండోది: "ఎవరితో ఫోన్ చేయిస్తే పనవుతుంది?"

మిత్రమా, ఇక్కడే ఒక్క నిమిషం ఆగుదాం. అదే రాత్రి మీతో కలిసి అంతే తాగి, ఇంకో సందులోంచి బండి నడుపుకుంటూ ఇల్లు చేరిన స్నేహితుడు ఉన్నాడనుకోండి. కేసు మీ మీదే ఉంది. కానీ ధమ్మం దృష్టిలో ఇద్దరూ చేసింది ఒకటే. రోడ్డు దాటే ఎవరో ఒక తల్లి ప్రాణాన్ని ఇద్దరూ పందెం కాశారు. ఆ సమయానికి ఆమె అక్కడ లేకపోవడం మీ మంచితనం కాదు.

యాక్సిడెంటుని మనం ప్రమాదం అంటాం, అదేదో మన చేతిలో లేనిదన్నట్టు. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. మత్తు ఆ ఏమరుపాటుకి చోటిస్తుంది కాబట్టే అయిదో శీలం దాన్ని వదలమంటుంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేది కూడా ఉంది.

సరే, జరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి? పని చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, మూడుసార్లూ చూసుకోమని బుద్ధుడు రాహులుడికి బోధించాడు. చేసింది హాని అని తెలిస్తే దాచకుండా వివేకవంతులకు చెప్పుకొని, ఇకముందు నిగ్రహంగా ఉండమన్నాడు. ఈ రోజుల్లో మీకు పనికొచ్చేది ఆ మూడో చూపే.

మొదట ఇంట్లో చెప్పండి. హైదరాబాద్‌లో కౌన్సెలింగ్‌కి ఇంటివాళ్ళని వెంటబెట్టుకు రమ్మంటారు. అప్పటిదాకా ఆగకండి.

తర్వాత, కోర్టు తేదీ తప్పించకండి. తప్పిస్తే వారెంటు రావచ్చు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారైతే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బ్రోకర్‌కి డబ్బిచ్చి మాయ చేయిస్తే ఒక శీలం తప్పినవారు రెండు తప్పినట్టు. అలాగని నిజాయితీ అంటే హక్కులు వదులుకోవడం కాదు. వకీలుని పెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది.

మూడోది, మందు సంగతి. రోజూ బాగా తాగే అలవాటుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపేయకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌కి చూపించుకొని ఆపండి. 14446కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

నలుగురికీ తెలిసిపోయిందని కుమిలిపోతున్నారా? ఆ అవమానం వారం రోజులుంటుంది, తర్వాత పోతుంది. చేసినదానికి సిగ్గుపడటం వేరు. దాన్ని హిరి అంటారు, అది మనిషిని కాపాడుతుంది. అంగుళిమాలుడికే మూయని దారి మీకు మూసుకుపోదు.

బండి తిరిగి మీ చేతికొచ్చాక మళ్ళీ ఒక శనివారం వస్తుంది. చెకింగ్ లేని సందు ఏదో మీకు తెలిసే ఉంటుంది. ఆ రాత్రి ఎవరూ చూడకపోయినా తాళంచెవి ముట్టకపోతే, అదే అప్పమాదం. మన తెలుగులో అప్రమత్తత.

నమో బుద్ధాయ! జై భీమ్!