కొనేటప్పటి భయం, అమ్మేటప్పటి మాట



పెద్ద వస్తువు కొనబోయే మనిషికి నిద్ర పట్టదు. అది ఇల్లు కావచ్చు, లారీ కావచ్చు, పాడి బర్రె కావచ్చు. ఒక కన్నులో సంతోషం, ఇంకో కన్నులో భయం. ఈ రెండింటినీ ధమ్మం ఎట్ల చూస్తుందనేది ఈసారి మన విషయం. దానికి ఒక పడవను ఉదాహరణగా తీసుకుందాం.

కలమల్ల వాళ్ళకు పడవ సంగతేందప్పా అనొద్దు. మన ఊరంటే బయటోళ్ళకు ఆర్టీపీపీ పొగగొట్టాలు, చదువుకున్నోళ్ళకు ఎరికల్ ముత్తురాజు వేయించిన తెలుగు శాసనం. కానీ కాస్త దూరం పోతే పెన్న మీద మైలవరం డ్యాం ఉంది, దానికి ఎగువన గండికోట రిజర్వాయరు ఉంది. నిండా నింపితే 26.85 టీఎంసీల నీళ్ళు. చూడ్డానికి వచ్చే జనం ఉన్నారు కాబట్టి బోటుకూ గిరాకీ ఉంది.

మన కాలనీ పిల్లోడు ఒకడు అనుమతి తీసుకొని అట్లాంటి నీళ్ళలో ఆరుగురు కూర్చునే చిన్న మోటారు బోటు నడుపుతున్నాడనుకోండి. సెలవు దినాల్లో వచ్చినోళ్ళను సగం మందిని వెనక్కి పంపాల్సి వస్తోంది. నెల్లూరు తీరంలో ఇరవై మంది పట్టే పాత ఫైబరు బోటు, ఇంజనుతో సహా, అమ్మకానికి ఉందని తెలిసింది. పోయి చూసొచ్చినాడు. ఆ పొద్దు నుంచి అన్నం తింటున్నా బోటే, పడుకున్నా బోటే. ఏ రంగు వేయాల, పేరు ఏం రాయాల అని ఒక ఆలోచన. ఇంజను మధ్యలో ఆగిపోతే? అప్పు తీరకపోతే? అని ఇంకో ఆలోచన. ఇట్లాంటోడికి మనలోనే ఎవరో ఒక పెద్దాయన చెప్తాడు: "బౌద్ధుడివి గదా, ఉన్నదాంతో తృప్తిగా ఉండు నాయనా, ఇదంతా తృష్ణ."

ఆ మాట నేను ఒప్పుకోను. తృప్తి అంటే ఉన్న స్థితికి తలవంచి పడి ఉండడం కాదని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో విడమరచి చెప్పినారు. పేదరికం ధన్యమని తథాగతుడు ఎక్కడా అనలేదు, కష్టంలో ఉన్నవాడు తన స్థితి మార్చుకోవద్దనీ అనలేదు. హద్దు లేని ఆశకు లొంగిపోవద్దన్నాడు, అంతే. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగడానికే మనవాళ్ళు ఊరేగింపుగా పోవాల్సి వచ్చింది. చేద బావి దగ్గర ఎవరో పోస్తే తప్ప నీళ్ళు లేని తాతల మనవడు ఈరోజు నీళ్ళ మీద చుక్కాని పట్టుకొని ఊరోళ్ళందరినీ కూర్చోబెట్టుకొని తిప్పుతున్నాడు. వానికి కలిగే సంతోషాన్ని తృష్ణ అని కొట్టేయడానికి నాకు నోరు రాదు.

మరి హద్దు ఎక్కడ? దీఘనికాయంలోని మహానిదాన సుత్తంలో బుద్ధుడు ఆనందునికి ఒక గొలుసు చూపిస్తాడు. తృష్ణ వల్ల వెదుకులాట, వెదుకులాట వల్ల లాభం, దాని వెంట మమకారం, పిసినారితనం, కాపలా. ఆ కాపలా కోసం కర్రలు, కొట్లాటలు, అబద్ధాలు. బాబాసాహెబ్ కూడా ఈ బోధను ఎత్తి చూపినారు. గొలుసు చివర ఉన్న అబద్ధాన్ని గుర్తు పెట్టుకోండి. బోటు కోసం ఒక్క అబద్ధం ఆడాల్సి వస్తే, అక్కడికి ఆశ హద్దు దాటినట్టే లెక్క.

ఇంక భయం సంగతి. మన ఇళ్ళలోకి పాత ఆచారాలు తిరిగి వచ్చేది ఈ భయం వెంటే. మామూలు రోజుల్లో అందరం బౌద్ధులమే, పంచశీల చెప్తాం, 22 ప్రతిజ్ఞలు గోడకు ఉంటాయి. లక్షలు పెట్టి బండి కొన్న రోజు మాత్రం అత్త మెల్లగా అంటుంది: "ఏం కాదులే, టైరు కింద నిమ్మకాయ పెడితే పోయేదేముంది? మంగళారం మాత్రం తేవొద్దు." ఆమెను కసురుకుంటే లాభం లేదు. ఆమె భయం నిజమైనదే, మందే తప్పు. నక్షత్ర జాతకంలో ఒక పెళ్ళివారు చుక్క బాగలేదని ఎవరో అంటే అనుకున్న రోజుకు పోకుండా ఆగిపోతారు. చూసి చూసి ఆడపిల్ల వాళ్ళు వేరే సంబంధం చేసేస్తారు. చుక్క వాళ్ళకు చేసిందేమీ లేదు, ఆగినందుకు పిల్ల పోయింది.

కాలాములకు బుద్ధుడు చెప్పింది కూడా ఇదే దారి: విన్నామనో, తరతరాలుగా ఉందనో, చెప్పినవాడు గొప్పోడనో నమ్మొద్దు, మీరే తెలుసుకోండి. పాత బోటు కాడికి వస్తే ఆ బోధ చేతిపనిగా మారుతుంది. బోటును నీళ్ళలో నుంచి ఒడ్డుకు లాగించి అడుగు చూడాల. నాణెంతోనో చెక్క సుత్తితోనో ఫైబరు మీద తట్టుకుంటూ పోవాల. గట్టిగా టంగుమనే చోట ఫరవాలేదు, మెత్తగా బొద్దుగా మోగిందంటే లోపల నీరు పట్టి ఉండొచ్చు. ఇంజను తగిలించే వెనక పలకలో చెక్క నాని కుళ్ళిందేమో చూడాల. ఇంజనును మనం పోయే ముందే వేడి చేసి పెట్టినారా అని చెయ్యి పెట్టి చూడాల, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు ఎట్ల స్టార్ట్ అవుతుందనేదే దాని అసలు గుణం. ఔట్‌బోర్డు ఇంజనైతే, తిరిగేటప్పుడు పక్క నుంచి నీళ్ళు ధారగా బయటకు చిమ్మాల. చిమ్మకపోతే చల్లార్చే నీళ్ళు సరిగా తిరగడం లేదని అర్థం. కింది గేరు నూనె పాల మాదిరి తెల్లగా వస్తే అందులో నీళ్ళు చేరినాయి. సముద్రంలో తిరిగిన బోటు కాబట్టి బోల్టులు, వైర్లు ఉప్పు తిని ఉంటాయి. కాయితాలు కూడా చూడాల: 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెస్సెల్స్ చట్టం కింద లోతట్టు నీళ్ళలో తిరిగే ఇంజను పడవకు సర్వే, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కావాల. ఇవన్నీ ఓపికగా చూసిన మనిషికి భయం పూర్తిగా పోదు. కానీ ఏదో అవుతుందేమో అనే భయం పోయి, గేరు పెట్టె సంగతేమిటి అనే భయం మిగులుతుంది. దానికి మెకానిక్కు చాలు, నిమ్మకాయ అక్కర్లేదు.

డబ్బు ఎక్కడిది అంటే, మన వైపు సగం పెట్టుబడులు ప్రొద్దుటూరు బంగారమే. పెండ్లాం గాజులు బ్యాంకులో కుదువ పెడతారు. సిగాలోవాద సుత్తంలో భర్త భార్యకు చేయాల్సిన వాటిలో రెండు ఉన్నాయి: ఇంటి పెత్తనం ఆమె చేతికివ్వడం, నగలు అమర్చడం. ఇవ్వాల్సినవాడు తీసుకునేటప్పుడు అడగాలి గదా! అడగడమంటే అంతా ఖాయం చేసుకొచ్చి సంతకం పెట్టమనడం కాదు. ఆమె వద్దంటే ఆగే ఉద్దేశంతో అడగాల. అదే సుత్తంలో సంపాదనను నాలుగు పాళ్ళు చేసి, ఒక పాలు తిండికీ బతుకుకూ, రెండు పాళ్ళు పనికీ, నాలుగో పాలు ఆపద కోసం దాచమని ఉంది. ఆ దాచిన పాలు కూడా ఊడ్చి బోటులో పోసేటట్టయితే ఇంకో ఏడాది చిన్న బోటే మంచిది. అనాథపిండికునికి గృహస్థు సుఖాలు నాలుగు చెప్పినప్పుడు అప్పు లేని సుఖాన్ని ఒకటిగా చెప్పినాడు తథాగతుడు.

పెద్ద బోటు అనగానే మనం సీట్లు లెక్కపెడతాం. ఆరు సీట్లంటే ఆరు ప్రాణాలు, ఇరవై అంటే ఇరవై. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో ఫెర్రీ దగ్గర అనుమతి లేని బోటు తిరగబడి 20 మందికి పైగా పోయినారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి దాదాపు 50 మంది చనిపోయినారు. మునిగిన బోటును బయటకు తీయడానికే నెల దాటింది. మొదటి శీలం చంపొద్దంటుంది. బోటు నడిపేవాడికి ఆ శీలం లైఫ్ జాకెట్టు రూపంలో ఉంటుంది, గాలి లేచిన రోజు "ఈపొద్దు బోటు లేదు" అని చెప్పే నోటిలో ఉంటుంది. ఈఎంఐ తేదీ దగ్గర పడినప్పుడు ఆ మాట అనడం కష్టం. అప్పు తక్కువగా ఉండాలనడానికి ఇది ఇంకో కారణం.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతికి వస్తాను: ఆ చిన్న బోటు. పెద్దది కొనాలంటే చిన్నది అమ్మాల. దానికి రెండేళ్ళ కిందట రాయి తగిలి అడుగున చీలిక వచ్చింది, ఫైబరు అతుకు వేసి పైన రంగు కొట్టినారు. చూస్తే కనపడదు. కొనడానికి వచ్చినోడు ఇంకా పేదోడు, ఇంజను గురించి తెలియనోడు. చెప్తే ధర పడిపోతుంది, పెద్ద బోటుకు డబ్బు చాలదు. చెప్పకపోతే? "నేను అబద్ధం ఆడలేదు, వాడు అడగలేదు" అనుకోవచ్చు.

సేరివ వాణిజ జాతకం ఇక్కడ పనికొస్తుంది. ఇద్దరు తిరుగుడు వ్యాపారులు తేలవాహ నది దాటి ఆంధపురం అనే ఊరికి పోతారు. ఒక ఇంట్లో చితికిపోయిన ముసలమ్మ, మనవరాలు. వాళ్ళ దగ్గర మసి పట్టిన పాత గిన్నె ఉంది, అది బంగారందని వాళ్ళకు తెలియదు. మొదటి వ్యాపారి సూదితో గీకి చూసుకొని, తెలిసి కూడా, ఇది దేనికీ పనికిరాదని విసిరేసి పోయినాడు, తర్వాత వచ్చి ఊరికే కొట్టేద్దామని. రెండోవాడు చూసి, "అమ్మా, ఇది లక్ష విలువ చేస్తుంది, నా దగ్గర అంత లేదు" అన్నాడు. ఉన్న డబ్బూ సరుకూ అంతా వాళ్ళకిచ్చి, తక్కెడ, సంచి, పడవ కూలీకి ఎనిమిది నాణేలు మాత్రం ఉంచుకొని నది దాటినాడు.

ఆ ముసలమ్మ కూడా ఏమీ అడగలేదు. అడగడానికి ఆమెకు తెలియాలి గదా. తెలియనోడి మీద అడిగే బాధ్యత పెట్టడం అన్యాయం. ఎవరికి ఎక్కువ తెలుసో నోరు విప్పాల్సింది వాళ్ళే.

నెల్లూరులో పెద్ద బోటు చుట్టూ తిరిగి, అమ్మేవాడి మొహంలోకి చూసి, "వీడు ఏదైనా దాస్తున్నాడా?" అని మనవాడు ఎంత దడపడినాడో వానికే తెలుసు. చిన్న బోటు కోసం వచ్చినోడి కడుపులో కూడా అదే దడ ఉంటుంది. పక్కవాడిని అర్థం చేసుకోవడానికి నిన్నే కొలతగా పెట్టుకో అని బుద్ధుడు చెప్పిన మాటకు ఇంతకన్నా దగ్గర ఉదాహరణ దొరకదు. కాబట్టి బోటును తిరగేసి, రంగు కింద అతుకు ఎక్కడుందో వేలుతో చూపించాల. ఎప్పుడు తగిలింది, ఎవరు అతికినారు, ఆ తర్వాత ఎన్ని నెలలు నడిచింది చెప్పాల. ఎంత బరువు వరకు ఫరవాలేదో కూడా చెప్పాల. ధర తగ్గుతుంది. ఆ తగ్గిన మొత్తానికి సరిపోయేంత కాలం పెద్ద బోటు నెల్లూరులోనే ఉంటుంది, లేదా ఇంకెవరో కొనుక్కుంటారు. పాత బోట్లు ఈ తీరంలో ఎప్పుడూ అమ్మకానికి వస్తూనే ఉంటాయి.