కుక్కరు కూత

ఉద్యోగం పురుషలక్షణం అన్న మహానుభావుడెవరో గానీ, ఆ ఉద్యోగం గుమ్మం దాటి లోపలికొచ్చి మన భోజనాల బల్ల మీద కూర్చుంటే ఏం చెయ్యాలో మాత్రం చెప్పి పోలేదు. 2020 మార్చిలో ఆఫీసులు మూతపడ్డప్పుడు హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ మా కోనసీమ పిల్లలు లాప్‌టాప్‌లు చంకనబెట్టుకుని ఇళ్ళకి వచ్చేశారు. రోగం తగ్గింది, ఆఫీసులు తెరిచారు. ఇంటికొచ్చిన ఉద్యోగం మాత్రం పూర్తిగా తిరిగి వెళ్ళలేదు. కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ. దీన్ని హైబ్రిడ్ పద్ధతి అంటారట. మాకు హైబ్రిడ్ అంటే అంబాజీపేట పరిశోధనా కేంద్రం వాళ్ళ కొబ్బరి మొక్కే తెలుసు. ఇదీ అలాంటిదే లెండి. దీనికీ నీళ్ళూ, నీడా, ఎరువూ ఎవరో ఒకరు చూస్తూ వుండాలి.

ఆ ఎవరో ఒకరి సంగతి తర్వాత చెబుతాను. ముందు సామాన్ల సంగతి.

మా వాడపల్లిలో ఒకప్పుడు పెళ్ళికి సారె సామాను దిగితే వీధంతా వచ్చి చూసేవాళ్ళు. ఇప్పుడు అట్టపెట్టెలు దిగితే చూస్తున్నాం. వాటిల్లో పనికిమాలినవి లేకపోలేదు గానీ, నిజంగా పనికొచ్చేవీ వున్నాయి. నడుముకి ఆనిక వుండి, పాదాలు నేలకి ఆనేలా ఎత్తు తగ్గించుకునే కుర్చీ మంచిదే. రోజుకి తొమ్మిది గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ముప్ఫయ్యేళ్ళకే మూలుగులు మొదలవుతాయి. తెర పై అంచు కంటి ఎత్తుకి రావడానికి లాప్‌టాప్ కింద పెట్టే స్టాండు కూడా మంచిదే. కాకపోతే స్టాండు కొన్నవాళ్ళు విడిగా కీబోర్డూ మౌసూ కూడా కొనుక్కోవాలి, లేకపోతే మెడ నొప్పి పోయి భుజాల నొప్పి వస్తుంది. మా ఇంట్లో స్టాండు పని పాత వారపత్రికల బైండు పుస్తకాలు చేస్తున్నాయి. సీరియల్సు ఇన్నాళ్ళకి ఒకరి మెడ నిలబెట్టాయి!

కరెంటు పోయినా ఇంటర్నెట్టు పోకుండా రౌటర్‌కి తగిలించే చిన్న బ్యాటరీ పెట్టె వుంది చూశారూ, దానికి నేను చెయ్యెత్తి నమస్కారం పెడతాను. గాలివానకి కొబ్బరిమట్ట తీగెల మీద పడితే మా వైపు కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అంత పెద్ద ఇన్వర్టరు లేని ఇంట్లో కూడా, ఇంత పెట్టె కొన్ని గంటలపాటు ఒక ఉద్యోగాన్ని నిలబెడుతుంది. ముఖానికి వెలుతురు పడేసే గుండ్రటి దీపం మాత్రం నాకు నచ్చలేదు. కిటికీకి ఎదురుగా కూర్చుంటే ఆ పని సూర్యభగవానుడు వూరికే చేసిపెడతాడు.

ఇక హెడ్‌సెట్టు. నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. చుట్టుపక్కల చప్పుడుని అది ముందు తనే వింటుందట. విని, ఆ శబ్దతరంగానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా చేస్తుందట. ఫ్యానూ మిక్సీ మోటారూ లాంటి ఒకే తీరు మోతల్ని చెవిదాకా రానివ్వదు. అవతలివాళ్ళకి వినిపించే వైపు పని ఇంకో రకం. మనిషి మాటేదో, మాట కానిదేదో కంప్యూటరు లోపలే వడబోసి, మాటని మాత్రం పంపిస్తుంది. 

శుక్రవారం రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి ఇది వరమే. వాళ్ళ పని ముగిసేసరికి శనివారం తెల్లవారుతుంది. మా వాడపల్లి వెంకన్నబాబుకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు ఆ వేళకే గోవిందనామాలు చదువుకుంటూ వూరంతా నిండిపోతారు. ఆ గోవిందలు అమెరికాదాకా వెళ్ళకుండా హెడ్‌సెట్టు ఆపుతుంది. స్వామి ఏమీ అనుకోడు లెండి.

అయితే ఎదురింటి కోడలు ఒకరోజు నాతో, "పిన్నిగారూ, కుక్కరు కూతేస్తున్నా మా మేనేజరుకి వినపడదండీ!" అని మురిసిపోతూ చెప్పింది. సంతోషించాను. ఇంటికొచ్చాక ఆ మాటే బుర్రలో తిరిగింది. ఆ కుక్కరులో వుడుకుతున్నది ఎవరి అన్నం? ఆ మీటింగులో మాట్లాడుతున్న మనిషిదే కదా! ఆ అన్నం తినకపోతే రెండింటికి ఆ గొంతు పెగలదు. మరి ఆ గొంతు అవతలికి వెళ్ళాలి గానీ, ఆ గొంతుని నిలబెట్టే చప్పుడు మాత్రం వెళ్ళకూడదు!

తెలిసిన వస్తువులన్నీ మళ్ళీ ఒకసారి చూశాను. వెనకాల గోడని మసక చేసి చూపించే ఏర్పాటు ఎందుకు? ఆరేసిన బట్టలు కనపడకూడదని. పైకి ఎత్తిపెట్టిన కెమెరా ఎందుకు? పక్కన పాకుతున్న పిల్లాడు పడకూడదని. ఇంట్లో ఆఫీసు పెట్టుకోవడానికి కొన్న సామాన్లలో సగం, ఇల్లు లేనట్టు చూపించడానికే. ఇంటి నుంచే పని చేస్తున్నాం అని చెప్పుకుంటూ, ఇల్లు కనపడితే సిగ్గుపడటం ఏమిటండీ?

2017లో బి.బి.సి. వాళ్ళు రాబర్ట్ కెల్లీ అనే ప్రొఫెసరుగారిని కొరియా రాజకీయాల మీద ప్రశ్నలడుగుతుంటే, దక్షిణ కొరియాలోని ఆయన ఇంటి గదిలోకి ముందు చిన్నారి పాప చేతులూపుకుంటూ వచ్చేసింది. వెనకాలే చక్రాల బండిలో పసివాడు వచ్చాడు. ఆ వెనక వాళ్ళమ్మ ఒక్క వూపులో జారుకుంటూ వచ్చి ఇద్దర్నీ లాక్కుపోయింది. ప్రపంచమంతా పగలబడి నవ్వింది, ముద్దు చేసింది. కానీ చాలామంది ఆవిణ్ణి పిల్లల ఆయా అనుకున్నారు! ఆయన భార్య అని తర్వాత సర్దుకున్నారు. ఆ కంగారులో ఆవిడ ముఖం చూడండి. కొరియాలో యుద్ధం వస్తుందా రాదా అన్నదానికన్నా, తన పిల్లలు తెరమీద పడటమే పెద్ద ఉపద్రవం ఆవిడకి. ఆ భయం మనందరికీ తెలిసిందే. "నాన్న మీటింగులో వున్నారు, ష్!" అనే మాట ఏ ఇంట్లో వినపడటంలేదు? ఆ 'ష్' ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని రోజంతా ఎవరో ఒకరు నోటితో తయారు చెయ్యాల్సిందే.

ఇక్కడ ఒక ధర్మసందేహం. ఎదురింట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరివీ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలే. తలుపు వేసుకోదగ్గ గది ఒక్కటే వుంది. ఎవరికి రావాలి? గది అబ్బాయికి వచ్చింది. అమ్మాయికి భోజనాల బల్ల వచ్చింది. పన్నెండున్నరకి కంచాలు పెట్టే వేళకి ఆవిడ ఆఫీసు లేచి మంచం మీదకి వెళుతుంది, అందరి భోజనాలూ అయ్యాక తిరిగొస్తుంది. అదేమిటంటే, "ఆయనకి జీతం ఎక్కువండీ" అంది. సరే, జీతమే కొలత అనుకుందాం. మరి నాకు తెలిసిన ఇంకో ఇంట్లో భార్య జీతం ఎక్కువ. అక్కడా గది ఆయనదే. ఎందుకమ్మా అంటే, "ఆయనకి చప్పుడుంటే చిరాకండీ." అంటే కొలత జీతం కాదన్నమాట, చిరాకు! పోనీ అదే కొలత అనుకున్నా, ఆడవాళ్ళకి చిరాకు లేదని ఎవరు తేల్చారు?

నిజంగా న్యాయం చెయ్యాలంటే ఎవరి పనికి ఎక్కువ మాటలు కావాలి, ఎవరి పనికి ఎక్కువ మౌనం కావాలి అని కూర్చుని చూసుకోవాలి. వారానికి ఇన్ని రోజులు నీకు, ఇన్ని రోజులు నాకు అని పంచుకోవాలి. పొలానికి నీళ్ళ వంతులు వేసుకున్నవాళ్ళం, గదికి వంతులు వేసుకోలేమా?

వర్జీనియా వుల్ఫ్ 1929లోనే అంది, ఆడది రాయాలంటే ఏడాదికి ఐదువందల పౌండ్లూ, తలుపుకి తాళం వున్న గదీ కావాలని. మా తరంలో ఆర్ట్స్ చదివిన ఆడపిల్లలందరం ఆ మాట విని పులకించినవాళ్ళమే. కానీ ఆవిడ ఇంట్లో వంటమనిషి వుండేది. గదికి తాళం వేసుకున్నాక తలుపు అవతల పొయ్యి ఎవరు చూస్తారన్నది వేరే ప్రశ్న. మనకి అదే అసలు ప్రశ్న.

ఇంటినుంచి పని చెయ్యడం 2020లో పుట్టిందనుకునేవాళ్ళని మా ఆత్రేయపురం మండలానికి తీసుకురావాలి. ఇక్కడ ఆడవాళ్ళు ఎప్పటినుంచో ఇంటి నుంచే పని చేస్తున్నారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పక్కన బియ్యప్పిండి జావ గిన్నె, చేతిలో పల్చటి గుడ్డ. గుడ్డ జావలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే పూతరేకు. క్షణం ఆలస్యమైతే మాడుతుంది, క్షణం ముందైతే చిరుగుతుంది. ఇంతకన్నా ఏకాగ్రత ఏ కంప్యూటరు పనికి కావాలి? ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ సెగా పొగల్లో పొద్దుటినుంచి కూర్చునే ఆవిడ నడుముకి ఆనిక వున్న కుర్చీ గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఆవిడ కింద వున్నది పీట.

గోదావరి దాటితే నర్సాపురం లేసు. జర్మనీనుంచి మరియా మీస్ అనే ఆవిడ వచ్చి చూసి, 1982లో పుస్తకమే రాసింది. విదేశాలకి ఎగుమతయ్యే లేసు అల్లుతున్న ఆడవాళ్ళని అందరూ 'ఇంట్లో ఖాళీగా వుండి తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు' అనేవాళ్ళట. అలా అనడంవల్లే కూలి అంత తక్కువగా ఇవ్వడం కుదిరిందని ఆవిడ వాదం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పనివాళ్ళకోసం ఒక ఒడంబడిక చేసింది. సొంత ఇంట్లో కూర్చుని ఇంకొకరికోసం కూలికి పనిచేసేవాళ్ళు, పనిముట్లు ఎవరు ఇచ్చినా సరే, కార్మికులే అని అందులో వుంది. మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు.

ఒకే వూళ్ళో, ఒకే వీధిలో, ఇద్దరూ ఇంట్లో కూర్చునే డబ్బు సంపాదిస్తున్నారు. ఒకరిది 'వర్క్ ఫ్రమ్ హోమ్', ఇంకొకరిది 'ఏదో ఇంట్లో చేసుకుంటోంది.' తేడా పనిలో వుందా, కుర్చీలో వుందా?

డబ్బు రాని పని సంగతి ఇంకా చెప్పనే లేదు. 2024లో ప్రభుత్వం సమయం ఎలా గడుస్తోందో లెక్కలు తీసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. మా శ్రీవారికి చూపిస్తే "ఎనభై ఎనిమిది నిజమేనంటావా?" అన్నారు. తక్కువని కాదు, ఎక్కువని అనుమానం!

ప్రేమకి లెక్కలేమిటి అని మీలో కొందరైనా అంటారు. కన్నకొడుక్కి చప్పుడు కాకుండా చూసుకోవడం తల్లికి బరువా? బరువు కాదు. నేనూ అనను. కానీ కుర్చీ కొనేటప్పుడు, నడుం నొప్పి అనగానే పన్నెండువేలు తీస్తారు. వంటింట్లో పొగలాగే ఫ్యాను అడిగితే "చూద్దాంలే" అంటారు. నిలబడి నిలబడి కాళ్ళు వాచినావిడకి ఎత్తు స్టూలు వేద్దామన్న ఆలోచన ఆ ఆవిడకే రాదు. అక్కడ ప్రేమ అడ్డం రాలేదు, లెక్క బాగానే వేశారు. ఆఫీసు సామాన్ల జాబితా రాసేటప్పుడు స్టూలూ, పొగ ఫ్యానూ కూడా అందులోనే రాయమంటాను నేను. అవీ ఆ ఆఫీసుని నడిపించేవే కదా.

ఎదురింటి అమ్మాయి నా ఉపన్యాసమంతా విని నవ్వేసి వూరుకుంది. కిందటినెల మాత్రం ప్రవచనాలు వినడానికని వాళ్ళ అత్తగారికీ ఒక హెడ్‌సెట్టు కొనిచ్చింది. ఆవిడ దాన్ని తలకి తగిలించుకుని వరండాలో కూర్చున్నారు. కోడలు బల్లదగ్గర మీటింగులో వుంది. కొడుకు గదిలో మీటింగులో వున్నాడు. కుక్కరు ఎన్ని కూతలేసినా ఎవరికీ వినపడలేదు. హెడ్‌సెట్టు చెవులకే గానీ ముక్కుకి లేదు కదా! మాడు వాసనకి ముందు తలుపు తీసుకుని బయటికొచ్చింది ఆ అబ్బాయే. పొయ్యి కట్టేసి, పెళ్ళాం దగ్గరికెళ్ళి, "ఇంతకీ ఎన్ని కూతలకి ఆపాలే?" అని అడిగాట్ట. ఆ అమ్మాయి మీటింగులో మాట్లాడుతూనే మూడు వేళ్ళు చూపించిందిట.