హాజరు ఎవరిది?

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆ చుట్టుపక్కల కాలేజీల్లో పాఠాలు చెప్పే ఆదివాసీ అధ్యాపకులం మేము. 2020లో కరోనా వచ్చి హాస్టళ్లు మూతపడ్డాయి. మన పిల్లలు ఉట్నూరు, ఏటూరునాగారం వైపు గూడేలకు వెళ్లిపోయారు. పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన పిల్లకు పాఠం మధ్యలో తెగిపోతే మేము గైర్హాజరు వేశాం. "అర్థమైందా?" అని అడిగితే ఎవరూ పలకలేదు. అర్థమైందనుకున్నాం.

అందరికీ ఒకే నియమం పెట్టాం కదా, అది న్యాయం కాదా? కాదు. నియమం ఒకటే అయినా దారి ఒకటి కాదు. నియమం సడలిస్తే చదువు పలచబడుతుందని కొందరంటారు. మేము పాఠం తగ్గించమనడం లేదు, అది చేరే దారి మార్చమంటున్నాం. వీడియోతో పాటు చిన్న ఆడియో, రెండు పేజీల నోట్సు ముందే పంపవచ్చు. జవాబు మర్నాడు వచ్చినా తీసుకోవచ్చు.

తప్పు యంత్రానిది కాదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులపై గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పనిచేసింది. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మనుషులు గూడెం దాకా నడిచి వెళ్లారు కాబట్టే యంత్రం మన అక్షరం నేర్చుకుంది.

పిల్లలు హాజరయ్యారా అని రోజూ అడుగుతాం. వాళ్ల దగ్గరకు మనం హాజరయ్యామా? ఉపాధ్యాయులుగా ముందు జవాబు చెప్పాల్సింది దీనికే.