సాము నేర్పు గురువు

హైదరాబాదున అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల నడచువానికి గోడగోడకును శిక్షణాలయముల ప్రకటనలే కనబడును. అచ్చటనుండి పంజాగుట్టవైపు సందులలోనికి తిరిగినచో, సాయంకాలమున ఏదో యొక మేడపైనుండి పిల్లల కేకలు వినవచ్చును. అది కరాటే తరగతి. కంప్యూటరు విద్య నేర్పువాడు మోసగించినచో పోవునది రుసుమును, కొన్ని మాసముల కాలమును. సాము నేర్పువాడు మోసగించినచో చెడునది బిడ్డ శరీరము. అంతకంటె ఘోరముగా, బిడ్డ నమ్మకము. అయినను మొదటివానిని గూర్చి పదిమందిని విచారింతుము. రెండవవానిని గూర్చి ‘ఇంటికి దగ్గరేనా?’ యని మాత్రమే యడుగుదుము.

నే నెరిగిన యొక గృహస్థు, పదేండ్ల కుమార్తెకు రెండేండ్లలోనే బ్లాక్‌బెల్టు వచ్చినదని వీధివారికి మిఠాయి పంచెను. కొలది దినములకు బడిలో నొక బాలుడు వెనుకనుండి త్రోయగా నా పిల్ల బోర్లపడి మణికట్టు విరుగగొట్టుకొనెను. ఎట్లు పడవలెనో యామె కెవ్వరును నేర్పలేదు. బెల్టుబెల్టుకును రుసుము మాత్రము చెల్లినది. నేను గురువును నిందింపబోగా, ఆ తండ్రి ‘బెల్టు ఎప్పుడిస్తారని తొందరపెట్టింది నేనేనండీ’ యని తల వంచుకొనెను. ఆ మాట సత్యము. మనము కొనగోరినదే వారు అమ్ముచున్నారు.

ఈ బెల్టుల యాచారము కరాటేకు జూడోనుండి సంక్రమించినది. జూడోను స్థాపించిన జిగోరో కానో ఉపాధ్యాయుడు. 1882లో టోకియోనందలి యొక బౌద్ధాలయమున కొలదిమంది శిష్యులతో కొడోకాన్ నెలకొల్పెను. జూడోలో మొదట నేర్పునది పరుని పడద్రోయుట గాదు. తాను దెబ్బ తగులకుండ పడుట. పట్టులో చిక్కినవాడు చేతితో రెండుమారులు తట్టెనా, తత్‌క్షణమే విడువవలయును. బ్లాక్‌బెల్టు తొలి యంతస్తునకు వారి భాషలో ‘షోదాన్’ అని పేరు. ఆరంభపు మెట్టని యర్థము. మనము సమాప్తియని మిఠాయి పంచునది వారికి ప్రారంభము!

గురువునకు నైపుణ్యమున్న చాలదా యందురేమో. ద్రోణుని నైపుణ్యమునకు లోపమేమి? అయినను తాను చెప్పని విద్యకు దక్షిణగా ఏకలవ్యుని బొటనవ్రేలు గైకొనెను. శిష్యుని శరీరముపై తనకు అధికారము కలదని తలచుటయే యచ్చటి దోషము. మనము మాత్రము శిష్యుని భక్తిని మెచ్చుచు, గురువును ప్రశ్నింపక విడిచితిమి.

కావున ఒక సాయంకాలము తరగతిలో గోడవారగా కూర్చుండి చూడుడు. కూర్చుండనీయనిచోట బిడ్డను విడువకుడు. అందరిలో బలహీనుడైన పిల్లవానియెడల గురువెట్లు మెలగుచున్నాడు? పట్టు చూపుటకై తాకునపుడు చెప్పి తాకుచున్నాడా? పిల్ల ‘చాలు’ అన్నచో ఆగుచున్నాడా, నవ్వుచున్నాడా? కత్తి పట్టినవానిని పడగొట్టుమనుచున్నాడా, పరుగెత్తి ప్రాణము దక్కించుకొమ్మనుచున్నాడా? ఈ కడపటి మాట చెప్పువాడే విద్య నెరిగినవాడు.

గురువును పరీక్షించుట అవినయమని కొందరు పెద్దలు నొచ్చుకొందురు. పదేండ్ల పిల్ల పరీక్షింపజాలదు. ఆమెకు బదులుగా పరీక్షించుట మన ధర్మము. సద్గురువు దానిని అవమానముగా నెంచడు. మనము బిడ్డకు కోరునది ఆత్మరక్షణమే గదా! గురువుతో ‘వద్దు’ అనుటకు నోరు రాని బిడ్డకు, రేపు వీధిలో ఎవనితోనైన నామాట యనుటకు నోరెట్లు వచ్చును?