విశ్వాసమునకు రెండవ కొస

శునకము పేరు వినగానే మన నోట వెలువడు మొదటి మాట విశ్వాసము. ఐదవ తరగతి బాలుని వ్యాసము మొదలుకొని పెద్దల ప్రవచనముల వరకు ఇదియే మాట. నేనును ఇన్ని సంవత్సరములుగా బడిలో ఇదియే చెప్పితిని. ధర్మరాజు స్వర్గారోహణ ఘట్టమును బోధించిన పిమ్మట "ఈ కథవలన కుక్కకుగల ఏ గుణము తెలియుచున్నది?" అని ప్రశ్న యిచ్చి, "విశ్వాసము" అని వ్రాసినవారికి పూర్తి మార్కులు వేసితిని. నేనడిగిన ప్రశ్నయే తప్పేమోయని ఇటీవల తోచుచున్నది. ఆ సంశయమును పాఠక మహాశయుల ముందుంచుటకే ఈ నాలుగు మాటలు.

తిక్కనగారి మహాప్రస్థానిక పర్వకథను మరల తలచుకొందము. ద్రౌపదియు, తమ్ములు నలువురును త్రోవలో పడిపోయిరి. వెంటబడి వచ్చిన కుక్క యొక్కటియే మిగిలినది. ఇంద్రుడు రథము దెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. ధర్మరాజు ఒప్పుకొనలేదు. ఆ కుక్క ఆయనకు చేసిన ఉపకారమేమి? కావలి కాయలేదు, వేట తెచ్చి యీయలేదు, దారి చూపలేదు. వెంట నడచినది, అంతియే. నమ్మి వచ్చినదానిని విడుచుట పాపమని ఆయన పట్టుపట్టెను. అచట పరీక్షకు నిలిచినది కుక్క విశ్వాసము కాదు, మనుష్యుని విశ్వాసము. భారతము మొదటను, నన్నయగారి ఆదిపర్వమున, కుక్క కథయే వచ్చును. జనమేజయుని యాగశాలకు వచ్చిన సరమ కుమారుని ఆ రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని రాజునే నిలదీసెను. అంతటి రాజునొద్ద దానికి సమాధానము లేకపోయెను.

విశ్వాస శబ్దమునకు మూలము శ్వస ధాతువు, అనగా ఊపిరి. భయము లేక నిమ్మళముగా ఊపిరి విడుచుట అని దాని తొలి భావము. తెలుగున వాడుకలో అది "ఉప్పు తిన్న విశ్వాసము"గా మారినది. పెట్టినవానికి తిన్నవాడు పడవలసిన ఋణమైనది. మన తెలంగాణమున దొరలు జీతగాండ్రయందు కోరినది ఈ రెండవ విశ్వాసమే. కుక్కను మెచ్చుకొనునపుడు మనమును తెలియకయే దొరల భాష మాటలాడుచున్నామేమో!

మొదటి అర్థమును నాకు నేర్పినది నిఘంటువు కాదు, ఎల్లారెడ్డి చెంత ఒక కురుమ పెద్ద. కోతలైన పిదప పొలములలో ఎరువుకొరకు రాత్రులు గొఱ్ఱెల మంద పెట్టింతురు గదా! ఒక చలికాలపు సాయంకాలము అట్టి మంద దగ్గర నిలిచితిని. ఆ వృద్ధుడు సద్దిమూట విప్పి, తాను ముద్ద నోట పెట్టుకొనకముందే రెండు కుక్కలకు పెట్టెను. "ముందు వానికెందుకు తాతా?" అని యడిగితిని. "రాత్రంత అవి మేల్కుంటెనే గద సారూ నాకు నిద్ర వట్టేది! అవి తినకుంట నేనెట్ల తింట?" అనెను. గొంగడి కప్పుకొని మంద నడుమ ఆయన నిర్భయముగా నిద్రించును. తెల్లవారినపిమ్మట కుక్కలు ఆయన కాళ్ల చెంత నిర్భయముగా నిద్రించును. ఎవరి విశ్వాసము ఎవరియందున్నదో విడదీసి చెప్పుట కష్టము.

ఈ పొత్తు నిన్న మొన్నటిది కాదు. కాశ్మీరమునందలి బుర్జహోమ్ త్రవ్వకములలో నవీన శిలాయుగపు మనుష్యులతోపాటు కుక్కలను పూడ్చిన సమాధులు బయటపడినవి. అంతకంటెను వింతయైనది జర్మనీలో బాన్ నగరము చెంత 1914లో దొరకిన సమాధి. అది సుమారు 14,000 సంవత్సరముల నాటిది. స్త్రీపురుషుల యెముకలతోపాటు ఒక కుక్కపిల్ల యెముకలును అందున్నవి. ఆ పిల్లకు పసితనముననే తీవ్రమైన రోగము సోకినదనియు, మనుష్యులు సాకనిచో అన్ని వారములు బ్రతికియుండజాలదనియు దాని దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు చెప్పిరి. జబ్బుపడిన కూన వేటకు పనికిరాదు, కావలికి పనికిరాదు. అయినను ఎవరో దానికి నీరు త్రాగించిరి, ఒడలు తుడిచిరి. ఆ సేవ చేసినవారు ఏ ధర్మశాస్త్రమును చదివినవారు కారు.

మన శరణసాహిత్యమునకు కుక్క అంటరానిది కాదు. కల్లయ్య యను భక్తుడు కుక్కచేత వేదము చదివించిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. బసవేశ్వరులు పల్లకి యెక్కినను పాతబుద్ధి మానని కుక్కతో మనస్సును పోల్చినది నిజమే. ఆ నింద మన మనస్సునకే గాని కుక్కకు కాదని నా మనవి. దయ లేనిచోట ధర్మమే లేదని చెప్పిన మహనీయుడు, ఆ దయకు మనుష్యులవరకే హద్దు గీయలేదు.

ఇంతకును ఈ ఆలోచన ఇప్పుడేల కలిగినదందురా? 2026 జనవరిలో మన కామారెడ్డి జిల్లా పాల్వంచ మండలపు గ్రామములలో వీధికుక్కలను పెద్దసంఖ్యలో విషపు సూదులతో చంపించిరని ఫిర్యాదు రాగా, పోలీసులు కేసు నమోదు చేసినట్లు పత్రికలలో చదివితిమి. అంతకు ముందు నెలలోనే పంచాయతీ ఎన్నికలు ముగిసినవి. కుక్కల బాధ తీర్తుమన్న వాగ్దానములు ఆ ఎన్నికలలో వినబడినవి. నేరమెవరిదో న్యాయస్థానములు తేల్చును. నన్ను కలచినది మరొకటి. సూదితో కుక్కను చంపవలెనన్న అది చేతికి చిక్కవలెను. కరచు కుక్క మనుష్యుని చేతికి అంత సులభముగా చిక్కదు. పిలిచిన తోక యాడించుచు వచ్చునదే మొదట చిక్కును. ఏ నమ్మకమును మనము వేల యేండ్లుగా దానికి అలవాటు చేసితిమో, ఆ నమ్మకమే దానికి ఉరి యగును.

కాని కన్నబిడ్డను పోగొట్టుకొన్నవారి యెదుట ఈ మాట చెప్పుటకు నాకు నోరు రాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కలవాత బడి మరణించెను. ఆ కుటుంబము మన నిజామాబాదు ప్రాంతమునుండి బ్రతుకుతెరువునకై పోయినది. మా బడి పిల్లలలోను కుక్కకాటు సూదులు వేయించుకొన్నవారున్నారు. పిచ్చికుక్క రోగము లక్షణములు బయటపడిన పిదప మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసంభవము. కనుక బిడ్డలకు భయపడు తల్లిదండ్రులను దయలేనివారనుట అన్యాయము. అయితే వారి భయమునకు మందు లేకపోలేదు. కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని 2023 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. నూటికి డెబ్బది కుక్కలకు టీకాలు పడినచో ఆ రోగము వ్యాపింపదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోగముగలదానిని, మీదబడి కరచుదానిని వీధిలో మరల విడువరాదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. ఇందుకు డబ్బు కావలెను, వైద్యులు కావలెను, సంవత్సరముల ఓపిక కావలెను. విషమునకు ఇవేవియు అక్కరలేదు. ఆ సులువే మనలను లోబరచుకొన్నది.

ఇంత వ్రాయుటకు నేను అర్హుడనా? ఎల్లారెడ్డిలో పనిచేయు కాలమున మా అద్దెయింటి అరుగుపై నల్లని కుక్క యొకటి చేరినది. పెంచితిమని చెప్పలేను, మిగిలిన అన్నము పిల్లలు పెట్టిరి, అది ఉండిపోయినది. కర్రెగాడని పేరు పెట్టిరి. ప్రతి ఉదయము నా వెనుక బడి గేటువరకు వచ్చి, గంట కొట్టువరకు కూర్చుండి, ఇంటికి మరలిపోవును. కామారెడ్డికి బదిలీ అయినపుడు క్రొత్త యింటి యజమాని కుక్క కూడదనెను. నేను బతిమాలలేదు. నిజము చెప్పవలెనన్న, ఒక భారము దిగినదనుకొంటిని. సామానులు నింపిన వ్యాను వెంట అది లింగంపేట దారి మలుపువరకు పరుగెత్తి నిలిచిపోయినది. మా చిన్నది కామారెడ్డి చేరువరకు ఏడ్చినది.

నాలుగు మాసములకు ఆఫీసు పనిమీద ఎల్లారెడ్డి పోయితిని. అరుగు ఖాళీగా నుండెను. పొరుగింటామె నడిగితిని. "పది దినాలు అరుగు దిగలే సారూ. మేం బువ్వ వెడితె మొదట ముట్టలే, తర్వాత తిన్నది. పొద్దుగాల మాత్రం బడిదాక పోయొచ్చేది. నెలాయె, కానొస్తలే" అని చెప్పెను. వచ్చిన పని మాని బడి వైపు నడచితిని. ప్రార్థన ఇంకను కాలేదు. గంట కొట్టువరకు గేటు దగ్గర నిలుచుండి, పిమ్మట కామారెడ్డి బస్సెక్కితిని.