కొండ కూలితే పాపి ఎవరు?

ఎక్కడ వరద వచ్చినా, కొండ విరిగిపడినా మనలో కొందరి నోట మొదట వచ్చే మాట, “ఇది అల్లాహ్ అజాబ్. వాళ్ళేం పాపం చేశారో!” మస్జిద్ మెట్ల మీద ఈ మాట మేము విన్నాం. ఎప్పుడో ఒకప్పుడు మేమూ అనే ఉంటాం. అలా అనే హక్కు మనకుందా?

2024 జూలై 30న కేరళలోని వయనాడ్ జిల్లాలో జరిగింది చూడండి. 48 గంటల్లో 570 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. అర్ధరాత్రి దాటాక కొండచరియ విరిగి, బురద, బండరాళ్ళు కలిసిన వరద ముండక్కై, చూరల్‌మల గ్రామాలను ఊడ్చేసింది. 250 మందికి పైగా చనిపోయారు. తేయాకు తోటల కూలీలు, నిద్రలో ఉన్న పసిపిల్లలు, ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు. ఎన్నో శవాలు చాలియార్ నదిలో కొట్టుకుపోయి పక్క జిల్లాలోని నీలంబూర్ దగ్గర తేలాయి.

ఆకాశంలో మబ్బు కనబడితే దైవప్రవక్త (స) ముఖం రంగు మారిపోయేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆద్ జాతి వారు కూడా మబ్బును చూసి వాన వస్తుందనే సంబరపడ్డారు కదా అని ఆయన కలత చెందేవారు. ఆ భయం తన వారి గురించి. పొరుగూరి పాపాలను ఆయన లెక్కపెట్టలేదు. మదీనాలో వారం రోజులు వాన ఆగక ఇళ్ళు కూలుతున్నాయని ఒక వ్యక్తి జుమా ఖుత్బా వేళ మొరపెట్టుకుంటే, “మీ పాపాల ఫలం” అనలేదు. చేతులెత్తి, వాన తమ మీద కాక చుట్టుపక్కల గుట్టల మీద, లోయల్లో కురవాలని దుఆ చేశారు. (గుట్టల మీద కూడా మనుషులుంటే? అని అడగవచ్చు. హాని లేని చోట, మేలు కలిగే చోట కురవాలన్నదే ఆ దుఆ భావం.) అంతేకాదు, నీట మునిగి, శిథిలాల కింద నలిగి చనిపోయిన విశ్వాసులను ఆయన షహీదులలో లెక్కించారు. మనం అజాబ్ అంటున్నది ఆ చావునే!

“మరి నూహ్ (అలైహిస్సలాం) జాతి, ఆద్ జాతి?” అంటారు. వారి సంగతి వహీ ద్వారా తెలిసింది. మనకు ఏ వహీ వచ్చింది?

అయితే పాపం ప్రసక్తే లేదా? ఉంది. మనుషుల చేతులు చేసిన దాని వల్లనే నేల మీద, నీటిలో కల్లోలం పుట్టిందని దివ్యఖుర్‌ఆన్ సూరె రూమ్‌లో హెచ్చరించింది. వాతావరణ మార్పు వల్ల వయనాడ్‌లో ఆ వాన దాదాపు 10 శాతం ఉధృతమైందని శాస్త్రజ్ఞులు ఆ ఆగస్టులోనే అంచనా వేశారు. ఆ పొగ వదిలిన చేతులు ఎవరివి? రోజు కూలికి ఆకు కోసే తల్లివా, లేక కార్లు, ఏసీలు అనుభవిస్తున్న మనవా? చేసింది ఒకరు, మునిగింది మరొకరు. అటువంటప్పుడు మునిగినవాడినే పాపి అనడం రెండో జుల్మ్.

గుర్తు తెలియని మృతులను పుత్తుమలలో ఖననం చేశారు. 2019 ఆగస్టు 8న అక్కడ కూడా కొండ విరిగింది. ఎవరు ఏ మతం వారో తెలియక మూడు మతాల వారూ నిలబడి ప్రార్థించారు. సమాధుల మీద పేర్లకు బదులు అంకెలు వేశారు. తర్వాత డి.ఎన్.ఎ. పరీక్షలతో కొందరి పేర్లు తెలిశాయి.